మా బావ కాళ్లు, మా అక్క మంచం

మా బావ ఫ్లోరియాన్ దెరోషె కాళ్లకు మా ఊరు సేంత్-ఫెబ్రొనీలో ఉన్న గౌరవం ఆయన తలకాయకు ఏనాడూ దక్కలేదు. అది న్యాయమే. తలతో ఆయన చేసిన పనులు నాకు తెలుసు. మంచు కరిగే ఏప్రిల్ నెలలో, సరస్సు మీది మంచు ఇంకా గట్టిగానే ఉందని దానిమీద ట్రక్కు తోలాడు. మేపుల్ చెట్ల రసం పాకానికని పొయ్యి మీద పెట్టి హాకీ ఆట చూడ్డానికి పోయాడు. కాళ్ల సంగతి వేరు. శనివారం సాయంత్రం చర్చి హాల్లో నేను ఫిడేలు పట్టుకుని కూర్చుంటే, ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, కింద చెక్కపలక పరుచుకుని, గట్టి అడుగున్న బూట్లు తొడుక్కుని కూర్చుంటాడు. నా చెయ్యి ఫిడేలు మీద, ఆయన కాళ్లు పలక మీద. మా వైపు ఫిడేలుకు మద్దెల అంటే మనిషి పాదాలే. ఆయన పాదాలు లేకపోతే నా వాయిద్యం పిల్లి ఏడుపులా ఉంటుందని మా అక్కే అంటుంది. మా అక్క మురియెల్ అంటే ఆయన భార్య. తమ్ముణ్ణి పొగిడే అలవాటు ఆవిడకు లేదు.

దెరోషె వంశానికి కాళ్లలోనే సంగీతం పుడుతుందని మా ఊరి నమ్మకం. బావ వాళ్ల నాన్న అదెలార్ రాత్రి భోజనం కాగానే కుర్చీలో నిలవలేక వంటింట్లో అటూ ఇటూ తిరిగేవాడట. తిరిగి తిరిగి నేలమీది లినోలియం అరిగి కింది చెక్క బయటపడిందట. కొత్త పాట కడుతున్నాడని ఇంటిల్లిపాదీ నోళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు. ఆ పాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు.

మా బావదీ అదే వరస. కుర్రతనంలో స్కూలు బస్సు నడిపే ఉద్యోగంలో చేరాడు. బస్సు గంతులు వేస్తోందని పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పడంతో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత ఇళ్ల పైకప్పులు వేసే పనిలో దిగాడు. నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉండే పని కాబట్టి సుఖంగా బతికాడు. కచేరీలో నేను పాట ముగించి ఫిడేలు దించేసినా ఆయన కాళ్లు ఇంకా వాయిస్తూనే ఉండేవి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. నాకు లోపల కాలిపోయేది. పాట నాది, చప్పట్లు ఆయన కాళ్లకు!

ఈ సంగీతం ఎక్కువైంది ఆయన పని మానేశాకే. పగలంతా బాగానే ఉండేవాడు. పొద్దుగూకేసరికి మొదలయ్యేది. సూపు తాగుతూ లేచేవాడు, మాంసం కూరి కాల్చిన పై రొట్టె కోసుకుని చేత్తో పట్టుకుని వంటింట్లో తిరుగుతూ తినేవాడు. కుక్క బిజూ కింద పడే ముక్కల కోసం వెనకాలే తిరిగేది. అది లావెక్కింది, ఈయన చిక్కాడు.

"అసలేమవుతుంది బావా నీకు?" అని అడిగాను ఒకరోజు.

"ఎముకల లోపల సోడా పొంగుతున్నట్టుంటుందిరా దొనా. నడిస్తే గ్యాసు పోతుంది. కూర్చుంటే మళ్లీ పొంగుతుంది."

"నొప్పా?"

"నొప్పయితే నొప్పి అని చెప్పనా? నాకు మాటలు రావా?"

పక్క మీద పడుకుంటే మరీ ఘోరం. మా అక్క ఊళ్లోవాళ్లు చెప్పిన చిట్కా విని దుప్పటి కింద, కాళ్ల దగ్గర, సబ్బుబిళ్ల పెట్టింది. ఆ సబ్బును బిజూ తినేసింది. నోటివెంట నురగ కక్కుతూ వీధిలో పరిగెడుతుంటే పిచ్చెక్కిందనుకుని జనం తలుపులు వేసుకున్నారు. పశువుల డాక్టరు దాన్ని ఒక్క పూటలో బాగుచేశాడు. మనుషుల డాక్టర్లే తేల్చలేకపోయారు.

మొదటి డాక్టరు మందుల షాపు పక్కనున్న క్లినిక్కులో కూర్చునే ఆయన. మా ఊళ్లో సగం మందికి కుటుంబ డాక్టరు లేరు, అందరం అక్కడికే పోతాం. ఆయన తలెత్తకుండానే "కాఫీ మానండి" అన్నాడు. బావ కాఫీ మానేశాడు. కాళ్లు మానలేదు. పైగా తలనొప్పి వచ్చి, కనపడ్డ ప్రతివాణ్ణీ కసిరాడు. రెండో డాక్టరు రక్తనాళాల తేడా అన్నాడు, తొడల దాకా వచ్చే బిగుతు మేజోళ్లు రాశాడు. అవి తొడగాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లాగాలి, ఒకరు మంచం పట్టుకోవాలి. "పెళ్లైన కొత్తల్లో కూడా ఇంత పెనుగులాట లేదు" అంది మా అక్క, ఆయాసపడుతూ. ఆ మేజోళ్లతో కచేరీకి వచ్చిన రోజున పాట మధ్యలో ఒకటి జారి బూటు మీద కుప్పగా పడింది. ఆ మాట మళ్లీ ఎత్తితే ఆయనకు ఇప్పటికీ కోపం.

మూడో వైద్యం ఆయన స్వంతం. షాపులో చీటీ అక్కర్లేకుండా అమ్మే నీలం నిద్రమాత్ర కొన్నాడు. నిద్రపోతే కాళ్లు కూడా పోతాయని లెక్క. అది వేసుకున్నాక కాళ్లకు దెయ్యం పట్టింది. మత్తు తలకెక్కింది గానీ కాళ్లకు దిగలేదు. నిద్రలో ఒకే తన్నుకు మా అక్క మంచం మీంచి కింద పడింది, బిజూ మీద పడింది కాబట్టి ఎముకలు దక్కాయి.

మర్నాడు ఉదయం మా అక్క తలగడా, దుప్పటీ, గడియారం పట్టుకుని కుట్టుగదిలోకి వెళ్లిపోయింది. ఆ గదిలో ఇరుకు మంచం, కుట్టుమిషను, గౌన్లు కొలవడానికి తలలేని బట్టల బొమ్మ ఉంటాయి. వెళ్లేటప్పుడు నా ముందే చెప్పింది.

"ఫ్లోరియాన్, నీమీద నాకు కోపం లేదు. నీ కాళ్లమీద ఉంది. వాటికి సరైన వైద్యం చేయించు. అవి పడుకున్న రోజున పిలువు, వస్తాను. అప్పటిదాకా నా పక్కన ఈ బొమ్మే పడుకుంటుంది. దీనికి కాళ్లు లేవు."

తలుపు వేసుకుంది. మా బావ ముఖం చూసి నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. పెళ్లైన నాటినుంచి ఆ మనిషి పక్కన తప్ప ఎక్కడా పడుకోనివాడు. ఇంట్లో ఆవిడ ఉండి కూడా లేనట్టయింది ఆయనకు. పగలు మామూలుగానే మాట్లాడుకునేవాళ్లు. పొద్దుగూకగానే ఆయన కుట్టుగది తలుపు ముందునుంచి తిరిగేవాడు. అదీ నడకే అనుకోండి.

"మంచి డాక్టరు దగ్గరికి పోవచ్చుగా?" అన్నాను.

"పోతే? మందిచ్చి కాళ్లు ఆపేస్తే? శనివారం నేనెవణ్ణి? కుర్చీలో కూర్చున్న ముసలాణ్ణి. ఊళ్లో అలాంటివాళ్లు కావలసినంత మంది ఉన్నారు."

"మరి మా అక్క?"

ఆయన లేచి ఇంకో చుట్టు తిరిగాడు. నాకు ఆయన కాళ్లూ కావాలి, మా అక్క నిద్రా కావాలి. రెంటిలో ఏది ఎక్కువంటే ఆరోజు నేను చెప్పేవాణ్ణి కాదు.

అలా ఉండగా ఒక శనివారం కచేరీకి నీలం స్వెటరు వేసుకున్న ఒకావిడ వచ్చింది. వాళ్ల పిన్నిది మా ఊరే, చూడ్డానికి వచ్చిందట. నేను పాట ముగించాను. ఎప్పటిలాగే బావ కాళ్లు ముగించలేదు. హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది. ఆవిడ మాత్రం కొట్టలేదు. ముందుకు వంగి, బజారులో చేప తాజాదో కాదో చూసినట్టు ఆ కాళ్లనే చూస్తోంది. విరామంలో నేరుగా మా దగ్గరికి వచ్చింది. మా బావ జేబులో కలం వెతుక్కున్నాడు, సంతకం అడుగుతుందేమోనని.

"మస్యూ దెరోషె, మీ కాళ్లు ఆపగలరా?" అంది.

"ఎందుకాపగూడదు? నా కాళ్లే కదా."

"అయితే ఒకసారి ఆపి చూపించండి. ఊరికే కూర్చోండి, చాలు."

బావ చేతులు కట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. కాళ్లు ఆగాయి. కాసేపటికి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకాసేపటికి పెదవి కొరుక్కున్నాడు. నుదుట చెమట పట్టింది. చివరికి "అబ్బ!" అని లేచి, పానీయాల బల్ల చుట్టూ తిరిగి, ఎవరో కోసిపెట్టిన తీపి పై రొట్టె ముక్క తీసుకుని తినుకుంటూ వచ్చాడు, దానికోసమే లేచినట్టు.

"లేచి నడవగానే హాయిగా ఉంది కదూ?" అంది ఆవిడ.

"ఉంది."

"సాయంత్రం అయితేనే వస్తుంది. సినిమాకు వెళ్లరు. దూరప్రయాణమంటే భయం. పక్కమీద మీవల్ల ఎవరికో నిద్ర ఉండదు."

బావ నావైపు తిరిగాడు. "ఏరా, మొత్తం ఊరికి చాటావా?"

"నేనేం చెప్పలేదు!" అన్నాను. నిజంగానే చెప్పలేదు. ఊరికి చెప్పాను గానీ ఈవిడకు చెప్పలేదు.

ఆవిడ పేరు డాక్టర్ వెజినా. జోలియెట్‌లో నిద్ర జబ్బులు చూస్తుంది. దీనికో పేరుందని, ఆయన ఒక్కడికే వచ్చింది కాదని, మా రాష్ట్రంలో మరీ ఎక్కువని, వైద్యం ఉందని చెప్పింది. "మా దగ్గరికి రండి. కానీ ఇక్కడి డాక్టరు చీటీ రాస్తేనే చూడగలను, నియమం అది" అంది.

సంగీతాన్ని జబ్బన్నందుకు బావ ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాడు. మా అక్క విన్నది. ఆవిడ మాత్రం గొణగలేదు. సోమవారం నన్ను వెంటేసుకుని కాఫీ మానమన్న డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

"చీటీ రాయండి" అంది.

"మదామ్, కాళ్లు కదిలించడం జబ్బు కాదండీ. వయసు, కంగారు. ఆయన్ని కాస్త..."

మా అక్క కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుని ఆయన బల్లకు బూటుకాలు ఆనించి తన్నడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. ఒకటి, ఆగి ఇంకొకటి. కలాల డబ్బా గలగలమంది. కంప్యూటరు ఊగింది.

"ఏం చేస్తున్నారు మదామ్?"

"ఏం లేదు. మీరు మీ పని చూసుకోండి."

ఆయన ఏదో టైపు చేయబోయాడు. టక్. మళ్లీ చేయబోయాడు. టక్. కాఫీ కప్పు అంచుకు జరిగింది. ఆయన పట్టుకున్నాడు. అన్నట్టు ఆయన మాత్రం కాఫీ తాగుతూనే ఉన్నాడు.

"మదామ్, దయచేసి ఆపండి! నాకు పని కావడం లేదు!"

"నాకు నిద్ర కావడం లేదు. నేను మీ దగ్గర కాసేపే ఉంటాను. ఆయన నా పక్కన రాత్రంతా ఉంటాడు."

చీటీ రాశాడు. రాస్తున్నంతసేపూ ఆవిడ తన్నుతూనే ఉంది. చేతికొచ్చాకే ఆపింది. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "కుట్టుగదిలో చలిరా దొనా" అంది, మెల్లగా. అది చలి గురించి కాదని తమ్ముణ్ణి కాబట్టి నాకు తెలుసు.

జోలియెట్ నుంచి పిలుపు వచ్చేలోగా మంచు పడి, కరిగి, మళ్లీ పడింది. బావను జోలియెట్‌కు నేనే తీసుకెళ్లాను. దారిలో మూడు చోట్ల కారు ఆపి, దిగి, చుట్టూ తిరిగాడు. డాక్టర్ వెజినా గారి వేచి ఉండే గదిలో అడుగుపెట్టి ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. కుర్చీలన్నీ ఖాళీ. జనమంతా నిలబడో, నడుస్తూనో ఉన్నారు. ఒక పెద్దాయన గోడకు చేతులానించి పిక్కలు సాగదీస్తున్నాడు. ఒకావిడ పూలకుండీ చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. నర్సు పేరు పిలిస్తే ఆ పేరుగలవాళ్లు నడిచే ఊపులో ఆవిణ్ణి దాటి వెళ్లిపోయి, తిరిగి రావాల్సి వస్తోంది. కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ నన్ను జాలిగా చూశారు, వీడికేం జబ్బో పాపం అన్నట్టు.

బావ ముఖం విప్పారింది. "దొనా, వీళ్లంతా మా చుట్టాల్లా ఉన్నార్రా" అని ఆ ఊరేగింపులో కలిసిపోయాడు.

డాక్టరు తొందరపడకుండా అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"ఇలా అంటే? మా నాన్న, మా మేనత్త, మా అన్నలు. మావాళ్లంతా సంగీతజ్ఞులు."

"సంగీతం లేనివాళ్లు?"

బావ ఆలోచించాడు. "తమ్ముడొకడు పాదిరీ. వాడికి సంగీతం రాదు. కాకపోతే ప్రార్థనంతా నిలబడే చేస్తాడు. ఎంత భక్తో!"

డాక్టరు నవ్వు ఆపుకోలేదు. తర్వాత మందుల గురించి అడిగింది. నీలం మాత్ర పేరు వినగానే, "అది పారేయండి. చాలామందికి నిద్ర తెప్పిస్తుంది, మీలాంటి కాళ్లను మాత్రం రెచ్చగొడుతుంది" అంది. బిజూ మీద మా అక్క ఎందుకు పడిందో అప్పుడు తెలిసింది మాకు.

"రక్తం ఎక్కడైనా పోతోందా? దెబ్బలు, కడుపులో పుండు?"

"పోవడమేం ఖర్మ! నేనే ఇస్తాను" అని బావ ఛాతీ ముందుకు పెట్టాడు. కోటుకు రక్తదాతల పిన్నులు వరసగా మెరిశాయి. రక్తం తీసుకునే వ్యాను మా ఊరికి వచ్చిందంటే మొదట చెయ్యి చాపేది ఆయనే. పని మానేసి తీరిక దొరికాక పక్క ఊళ్లకు కూడా వెళ్లి ఇస్తున్నాడు.

"తీరిక దొరికాకే కాళ్లు కూడా ఎక్కువయ్యాయా?" అంది డాక్టరు.

బావ కోటు మీది పిన్నులకేసి చూసుకున్నాడు.

రక్తపరీక్షలో ఆవిడ అనుకున్నదే తేలింది. ఒంట్లో దాచుకున్న ఇనుము అడుగంటింది. "ఇదివరకు వ్యానులో చేసిన పరీక్షలో అంతా బాగుందన్నారే!" అని బావ దెబ్బలాడాడు. ఒంట్లో తిరిగే రక్తం బాగానే ఉందని, ఆ పరీక్ష దాన్నే చూసిందని, నిల్వను ఎవరూ చూడలేదని, పైగా మామూలు మనిషికి చాలిన నిల్వ ఈ కాళ్లకు చాలదని ఆవిడ విడమరిచి చెప్పింది. వెంటనే హాయినిచ్చే మందులు కొన్ని ఉన్నాయట. వాటితో కొందరికి కొంతకాలానికి జబ్బు ఇంకా ముదురుతుందట. అందుకని ముందు ఇనుము నరంలోకి ఎక్కిద్దామని, అది సరిపోకపోతే వేరే మందు చూద్దామని అంది. రక్తంతోపాటు ఇనుమూ పోతోంది కాబట్టి రక్తం ఇవ్వడం మాత్రం బంద్.

బావ ఇదంతా విని చివరికి అసలు ప్రశ్న అడిగాడు. 

"మరి నా తాళం పోతుందా, డాక్టరమ్మా?"

"తాళం మీది, మస్యూ దెరోషె. ఆపలేకపోవడం జబ్బుది. నేను తీసేసేది జబ్బుని."

బావ సరేనన్నాడు. నమ్మి అన్నాడో, కుట్టుగది గుర్తొచ్చి అన్నాడో నాకు తెలియదు.

ఇనుము ఎక్కించినంతసేపు ఆసుపత్రి మంచం మీద పడుకోలేక ఆ సీసా వేలాడదీసిన కర్రను చేత్తో పట్టుకుని వరండా అంతా తిరిగాడు. వెంటనే ఏమీ కాలేదు. "తుప్పు పట్టినట్టుంది, అంతే" అన్నాడు. తర్వాతి వారాల్లో ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చింది. సూపు గిన్నె కూర్చునే ఖాళీ చేశాడు. హాకీ ఆట ఆఖరిదాకా సోఫాలోనే చూశాడు, మావాళ్లు ఓడిపోతున్నా లేవలేదు. కింద ముక్కలు పడక బిజూ సన్నబడింది. వ్యాను వచ్చిన రోజున రక్తం ఇచ్చినవాళ్లకు బిస్కెట్లు అందిస్తూ నిలబడ్డాడు. పిన్నులు మాత్రం పెట్టుకునే వచ్చాడు.

ఇక శనివారం వచ్చింది.  పాట ఎత్తుకున్నాను. పక్కన పలక మీద తాళం మొదలైంది. అదే తాళం, అదే ఊపు. తేడా ఏమిటంటే, ఎక్కడ విరుపు కావాలో అక్కడ విరుపు ఉంది. నేను ఆపాను. ఆయన కూడా ఆపాడు.  కాళ్ల కచేరీ ఇంకా ఉందని జనం కాచుకుని కూర్చున్నారు. ఎంతసేపటికీ రాకపోయేసరికి ఎవరో దగ్గారు. అప్పుడు చప్పట్లు. ఆ చప్పట్లలో సగం నావి, ఎన్నాళ్లకో! బావ నావైపు చూసి కన్ను కొట్టాడు. మూడో వరసలో మా అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన బూట్లనే చూస్తోంది.

ఆదివారం ఉదయం మా ఇంట్లో నేను కాఫీ పెట్టుకుంటుంటే బావ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూడగానే నాకు భయమేసింది.

"మళ్లీ వచ్చిందా, కాళ్లకు?"

"లేదురా. మీ అక్క వచ్చేసింది. తలగడా, గడియారం, అన్నీ తెచ్చేసుకుంది."

"మరి ఆ కళ్లేమిటి?"

ఆయన తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. "దొనా, మీ అక్క గురక పెడుతుంది."

నాకు నవ్వాగలేదు. "ఇప్పుడా తెలిసింది? చిన్నప్పుడు మా ఇంట్లో అటక మీద పడుకున్నవాళ్లు కూడా కిందికి దిగి వచ్చేవాళ్లు ఆ గురకకి!"

"నాకెలా తెలుస్తుంది? పనికి పోయే రోజుల్లో పక్క ఎక్కగానే మొద్దునిద్ర. తర్వాత ఆవిడ నిద్రపోయే వేళకి నేను ఎప్పుడూ వంటింట్లో తిరుగుతుండేవాణ్ణి కదా. పక్కన మెలకువగా, కదలకుండా పడుకున్నది నిన్ననే."

"నిద్ర లేదన్నమాట. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం, ఈసారి అక్కని..."

"నోర్ముయ్!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఆవిడకి చెప్పకు. చెప్తే సిగ్గుపడి మళ్లీ ఆ గదిలోకి పోతుంది. నేను కదలకుండా పక్కనే పడుకుని తెల్లవార్లూ విన్నానురా. ఎంత బాగుందో."

నా కాఫీ ఆయనే తాగేశాడు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, అక్కడే నిద్రపోయాడు.